జీపు రేడియేటర్, ఇత్తడి బిందె

ఈ ఎండాకాలం బళ్లారి గాంధీనగర్‌లో మా అన్న ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాను. నాకని వేరే గది సర్ది పెట్టారు గానీ, నేను నా మేనకోడలు మేఘన గదిలోనే పరుపు వేయించుకున్నాను. ఆ గది చల్లగా ఉంటుంది. అంతకంటే పెద్ద కారణం అక్కడున్న కంప్యూటర్. దాన్ని చూస్తూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. గాజు పెట్టె, లోపల బోర్డు, బోర్డు మీద ఒక రాగి దిమ్మె, దానికి అతికించిన గొట్టాల్లో నీలం రంగు నీళ్లు. చుట్టూ పెళ్లి పందిరికి కట్టినట్టు రంగు దీపాలు. మేఘన ఏవో కంప్యూటర్ ఆటలకు బొమ్మలు తయారుచేస్తుంది, ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. కంపెనీవాడు ఇంత వేగంతో నడపమని చెప్పిన దాన్ని అంతకు మించి పరిగెత్తిస్తే పని తొందరగా తెములుతుందని, అలా చేస్తే ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కుతుందని, అందుకే చుట్టూ నీళ్లు తిప్పి ఆ వేడిని లాగేస్తున్నానని నాకు విడమరిచి చెప్పింది. నేను ఏమీ తెలియనట్టే విన్నాను. పిల్లలు మనకు ఏదైనా నేర్పేటప్పుడు వాళ్ల ముఖంలో ఒక సంబరం ఉంటుంది, దాన్ని చెడగొట్టడం ఎందుకు?

తెర మీద ఒక మూలన ఎప్పుడూ ఒక అంకె కనిపిస్తుంటుంది. లోపల ఎన్ని డిగ్రీల వేడి ఉందో చెప్పే అంకె అది. మా అన్న శీను రోజంతా ఏదో ఒక వంకతో ఆ గుమ్మం దగ్గరికి వచ్చి, తలుపు పట్టుకుని నిలబడి, "ఎంతుండాది?" అంటాడు. మేఘన తల తిప్పకుండానే "నలభై ఒకటి" అంటుంది. ఆయన తల ఊపి వెళ్లిపోతాడు. ఆ తండ్రీకూతుళ్ల మధ్య నేను చూసిన సంభాషణంతా ఇంతే. మిగతావన్నీ మా వదిన ద్వారా నడుస్తాయి.

నేను వెళ్లిన రెండో రోజో మూడో రోజో మేఘన విసుక్కుంది. "పనిలో ఉంటే వచ్చి అడుగుతాడత్తా. అందుకే నాన్న ఫోన్‌లో ఒక యాప్ పెట్టేసినా. కూర్చున్న చోటే ఆ అంకె చూసుకోవచ్చు. ఇంక ఈడికి రాబన్లేదు" అంది. మంచిపని చేశాననే అనుకుంది పాపం. ఆ మధ్యాహ్నం మా అన్న గుమ్మం దగ్గరికి రాలేదు. హాల్లో కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. చూడటం, పక్కన పెట్టడం, మళ్లీ తీసి చూడటం. నాకు మనసులో చివుక్కుమంది. ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఎలా పుట్టిందో ఆ పిల్లకు తెలియదు. తెలిసినవాళ్లలో మిగిలింది మా అన్న, నేను. మా అన్న ఎలాగూ చెప్పడు.

మా ఇల్లు అప్పుడు కూరెకుప్పలో, లారీలు పోయే రోడ్డు మీద ఉండేది. మా నాయనకు సిరుగుప్ప వైపు కెంచనగుడ్డలో పొలం ఉన్నా, అది కౌలుకిచ్చేసి గనుల నుంచి ఇనుప రాయి తోలే లారీలు పెట్టుకున్నాడు. అందుకని మా బతుకంతా ఎర్ర దుమ్ములో గడిచింది. గోడలు ఎరుపు, పెరట్లో కరివేపాకు ఎరుపు, ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఎరుపు. అన్నం వార్చేటప్పుడు కూడా మా అవ్వ కిటికీ మూసి వార్చేది. నాయన ఇంటికి వచ్చాడంటే ముందు డీజిల్ వాసన వచ్చేది, వెనకాల ఆయన వచ్చేవాడు. పెరట్లో తొట్టి దగ్గర కూర్చుని చెవుల వెనక, మెడ మడతల్లో ఆ ఎరుపంతా పోయేదాకా సబ్బుతో రుద్దుకునేవాడు. ఆయన కాళ్ల దగ్గర నుంచి పారిన నీళ్లు జామచెట్టు పాదులోకి పోయేవి. ఆ జామకాయలు తియ్యగానే ఉండేవి, డీజిల్ వాసనేమీ ఉండేది కాదని పరీక్ష చేసి మరీ చెబుతున్నాను.

అవ్వ అంటే మా నాయన తల్లి. ఆమె పుట్టిందీ మెట్టిందీ తుంగభద్ర ఒడ్డునున్న కెంచనగుడ్డలోనే. కూరెకుప్ప బోరు నీళ్లంటే ఆమెకు అసహ్యం. ఆ నీళ్లకు గిన్నెల అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుందని, పప్పు ఉడకదని, తలంటుకుంటే జుట్టు గడ్డి అవుతుందని రోజూ ఎవరో ఒకరికి వినిపించేది. పొలం వైపు ఎవరు వెళ్లినా ఏటి నీళ్లు ఒక బిందె తేవాల్సిందే. ఆ నీళ్లు తాగడానికి కొన్ని, పూజకు కొన్ని. ఆయుధపూజ రోజు మాత్రం ఇంకో ఆచారం ఉండేది. లారీల రేడియేటర్లలో పాత నీళ్లు వదిలేసి, కొత్త నీళ్లు పోసేటప్పుడు మొదటి చెంబు అవ్వ పోసేది. అది పూజలో పెట్టిన కలశంలోని ఏటి నీరు. ఆ చెంబు పడకుండా మా లారీలు గేటు దాటేవి కావు.

మా అమ్మ పోయిన తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. అన్న అప్పుడు వేరే ఊళ్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, పరీక్షలు జరుగుతున్నాయి. అమ్మకు జ్వరమొచ్చి బళ్లారి ఆసుపత్రిలో ఉంది. అన్న రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు, జ్వరం ఎంతుండాదని. నాయన రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని "తగ్గింది. నూటికి దిగింది. నువ్వు పరీచ్చ రాసుకో" అనేవాడు. నేను పక్కనే నిలబడి వినేదాన్ని. జ్వరం నూటికి ఎప్పుడూ దిగలేదు. ఫోన్ పెట్టేసిన తర్వాత నాయన ఆ రిసీవర్ మీద చెయ్యి అలాగే ఉంచి కాసేపు నిలబడేవాడు. పిల్లవాడి చదువు పాడవకూడదనుకున్నాడు, అంతకంటే వేరే ఆలోచన లేదు. ఆఖరి పరీక్ష రాసి అన్న వచ్చేసరికి అమ్మను ఇంటి ముందర పడుకోబెట్టి ఉన్నారు. అన్న ఏడవలేదు. నాయన ముఖంలోకి చూసి "నూటికి దిగిండాది అంటివే" అన్నాడు. ఆ మాటే ఆఖరు. కాలేజీకి మళ్లీ వెళ్లలేదు, నాయనతో మళ్లీ మాట్లాడలేదు.

నాయన కూడా మాట్లాడలేదు. వాడు అడిగితే చెబుదామని ఈయన, ఈయన చెబితే విందామని వాడు. మధ్యలో నేను. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని, "మీ యన్నకు చెప్పు పాపా" అని ఒకరు, "నాయనకు చెప్పు" అని ఒకరు. వాళ్ల చెవులు బాగానే పనిచేస్తాయి, అయినా నేను ప్రతి మాటా తిరిగి అప్పజెప్పాలి, లేకపోతే అది చేరినట్టు లెక్క కాదు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత కోపమొచ్చేది. కోపమొచ్చిన రోజుల్లో మాటల్ని కొంచెం మార్చి చెప్పేదాన్ని కూడా. నాయన "అన్నం తినమను" అంటే, "నాయన నువ్వు తినేదాకా తినడంట" అని చెప్పేదాన్ని. అదేమంత అబద్ధం కాదు, నిజంగానే తినేవాడు కాదు.

అన్న ఊరికే కూర్చోలేదు. బళ్లారిలో ఒక స్నేహితుడి దుకాణం నుంచి విడి భాగాలు తెచ్చుకుని వెనక గదిలో కంప్యూటర్ ఒకటి కట్టుకున్నాడు. బెంగళూరులో ఇళ్లు కట్టేవాళ్లకు, ఇంకా కట్టని ఇంట్లో మనం తిరుగుతున్నట్టు కనిపించే బొమ్మలు చేసిపెట్టేవాడు. ఒక్కో బొమ్మ పూర్తిగా తయారవడానికి ఆ కంప్యూటర్ పగలూ రాత్రీ ఆగకుండా నడవాలి. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదటి నుంచి. తొందరగా అవ్వాలని దాని వేగం పెంచాడు. వేగం పెరిగితే వేడి. పెట్టె మూస్తే వేడికి ఆగిపోతుంది, తెరిచి ఫ్యాన్ పెడితే ఎర్ర దుమ్ము వచ్చి బోర్డు మీద కుంకుమలా పడుతుంది. అన్న రంగులేసే కుంచె పట్టుకుని రోజూ ఆ దుమ్ము దులుపుతూ ఉండేవాడు. ఒకసారి అవ్వ జాలిపడి తడి గుడ్డతో తుడవబోయింది. అన్న అరిచిన అరుపుకు వీధిలో కుక్కలు మొరిగాయి.

అదంతా నాయన గుమ్మంలోంచి చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, ఆ డబ్బా ఎందుకట్లా వేడెక్కుతాందని అడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను, కంపెనీవాడు రాసిన దానికంటే ఎక్కువ వేగంతో నడుపుతున్నాడని. నాయన ఒక్క క్షణం ఆలోచించి "ఓవర్‌లోడు" అన్నాడు. ఆయనకు ఇక చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మా వైపు ఓవర్‌లోడు వెయ్యని లారీ ఏది? బరువెక్కువైతే చడావులో, అంటే ఎత్తెక్కేటప్పుడు, ఇంజను కాగుతుంది, కాగితే నీళ్లు కావాలి. నీళ్లతో చల్లబరిచే పద్ధతి అన్నకూ తెలుసు, దాని గురించి చదువుతూనే ఉన్నాడు, కావలసిన సామాను మన ఊళ్లలో దొరక్క ఆగాడు. మర్నాడు పొద్దున లేచి చూస్తే పెరట్లో బండమీద, మా పాత జీపు రేడియేటర్ కడిగి బోర్లించి ఉంది. "మీ యన్నకు చెప్పు పాపా, పనికొస్తే వాడుకోమను. లేకుంటే గుజిరీకి ఏస్తా" అన్నాడు నాయన. మా దగ్గర పాత ఇనుము కొనేవాణ్ణి గుజిరీ అంటారు. నేను వెళ్లి అన్నతో, అది గుజిరీకి వెయ్యడానికి నాయనకు మనసొప్పడం లేదంట అని చెప్పాను.

అన్న ఆ రేడియేటర్‌ని వెనక వరండా గోడకు బిగించాడు. అక్కడ నీడ ఉంటుంది, తాగేనీళ్ల కుండలు కూడా అక్కడే ఉండేవి. తోరణగల్లులో లేతు మిషను మీద పనిచేసేవాళ్ల దగ్గర ఒక రాగి దిమ్మెకు లోపల కాలువలు తొలిపించుకొచ్చి ప్రాసెసర్ మీద కూర్చోబెట్టాడు. గొట్టాలు కిటికీలోంచి బయటికి. నీళ్లెత్తడానికి పాత ఎయిర్‌కూలర్‌లోని చిన్న పంపు. ఆ పంపు మునగడానికి గదిలో అవ్వ ఇత్తడి బిందె, అది ఇవ్వడానికి ఆమె నానా మాటలూ అంది. బిందెలో పోసింది మాత్రం లారీ బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్. అవ్వ ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూసి, ఇవి చచ్చిన నీళ్లు, రుచీ పచీ లేవు అని తేల్చింది. బిందెలోంచి దిమ్మెకు, దిమ్మెలోంచి రేడియేటర్‌కు, రేడియేటర్‌లోంచి మళ్లీ బిందెలోకి. ముందు కంప్యూటర్ పెట్టకుండా నీళ్లు మాత్రమే తిప్పి చూశారు. కింద పాత పేపర్లు పరిచి, ఎక్కడైనా బొట్టు పడుతుందేమోనని నాయన నేల మీద బోర్లా పడుకుని ప్రతి అతుకు కిందా వేళ్లు పెట్టి చూశాడు. అన్న పక్కనే మోకాళ్ల మీద ఉన్నాడు. ఇద్దరి తలలూ తగిలేంత దగ్గరగా ఉన్నాయి, మాట మాత్రం లేదు.

పని చేసింది. ఎనభై దాటి ఆగిపోయే కంప్యూటర్ యాభైల్లో నిలబడింది. అన్న తెర మూలన ఆ అంకెను దూరానికి కూడా కనిపించేంత పెద్దగా పెట్టాడు. అంకె విషయంలో వాడు ఎవరినీ నమ్మేవాడు కాదు. ఒక ప్రోగ్రాం చెప్పింది ఇంకో ప్రోగ్రాంతో సరిచూసుకునేవాడు. బోర్డు వేడి వేరు, ప్రాసెసర్ వేడి వేరు, రెండూ చూసేవాడు. అది చాలదన్నట్టు అమ్మ జ్వరానికి వాడిన పాదరసం పుల్లని బిందెలో ముంచి నీళ్ల వేడి కొలిచేవాడు. నాయన ఆ పుల్ల చూసి బయటికి వెళ్లిపోవడం ఒకటి రెండుసార్లు గమనించాను. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఒక తప్పు అంకె విని తల్లిని ఆఖరిసారి చూసుకోలేకపోయినవాడు, ఇక జన్మలో ఏ అంకెనూ ఇంకొకరి నోటి నుంచి తీసుకోదలచుకోలేదు. ఇప్పుడు అది తలుచుకుంటే వాడి మీద ఎంత జాలి కలుగుతుందో, నాయన మీదా అంతే కలుగుతుంది.

మెల్లగా ఆ అంకె ఇంట్లో అందరిదీ అయింది. అవ్వ పాలు పొంగకుండా చూసుకున్నట్టే దాన్నీ ఒక కంట చూసేది. డ్రైవర్లు అన్నానికి వస్తే ముందు కిటికీలోంచి తొంగిచూసి, ఈ రోజు మన శీనప్ప బండి ఎంత కాగింది అనేవాళ్లు. నాయన స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి "ఎంతుండాదంట?" అని నన్ను అడిగేవాడు. అంకె ఆయన కళ్లెదురుగానే ఉండేది. నేను అన్నను అడిగి, అన్న చెప్పింది ఆయనకు చెప్పేదాన్ని. ఆయనకు కావలసింది అంకె కాదని నాకు తెలుసు.

ఆ ఏడు ఆయుధపూజకు చిన్న పేచీ వచ్చింది. ఆ రోజు పనిముట్లకు విశ్రాంతి. లారీ కదలదు, కొడవలి పట్టం, కత్తిపీట కూడా పూజలో ఉంటుంది గనుక కూరలు ముందురోజే తరిగి పెట్టుకుంటాం. అన్న కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంది. ఎన్నో రోజులుగా ఆగకుండా చేస్తున్న బొమ్మ, సాయంత్రానికి పూర్తవుతుంది, ఆపితే మొత్తం పోతుంది. అవ్వ వినలేదు, నాయన తీర్పు చెప్పాలని ఆయన వైపు చూసింది. నాయన ఏమీ అనకుండా నిమ్మకాయలు తీసుకుని లారీల దగ్గరికి వెళ్లిపోయాడు. సరేలే నడవనీ అనడానికి అదే ఆయన పద్ధతి. అవ్వ గొణుక్కుంటూ కంప్యూటర్ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి ఊరుకుంది. ఊరుకుందనుకున్నాం.

ఓళిగలు, చిత్రాన్నం తిని మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసింది. రోజుల తరబడి సరిగా నిద్రలేని అన్న వెనక గదిలోనే నేలమీద పడి నిద్రపోయాడు. నాయన ఆ గదిలోనే కుర్చీలో ఒక కునుకు తీసి లేచి కూర్చుని ఉన్నాడు. నేను కూడా లేచి వెనక వరండాలో గిన్నెలు తోముతున్నాను. అప్పుడు విన్నాను. "శీనా." మా నాయన గొంతులో ఆ పేరు వినక ఎంత కాలమైందో. చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"శీనా, లెయ్ నాయనా. ఎక్కుతాండాది."

తర్వాత నిద్రమత్తులో అన్న గొంతు.

"ఎంతుండాది?"

"డెబ్బైయారు. అబద్ధం గాదురా. నువ్వే చూడు."

నా కాళ్లు అలవాటుగా లోపలికి బయలుదేరాయి. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. నన్ను ఎవరూ పిలవలేదు. నీళ్లు తిరగడం లేదని అన్న అన్నాడు, పంపు పట్టేసిందని నాయన అన్నాడు, ఆపేస్తావా అని అడిగాడు. ఆపితే పనంతా పోతాదన్నాడు అన్న. "ఆపబన్లేదు. బిందె పైకెత్తు" అన్నాడు నాయన. పంపు నుంచి గొట్టం ఊడబీకి, దాన్ని బిందె నీళ్లలో ముంచి అన్న బిందెను భుజం ఎత్తుకు ఎత్తాడు. నాయన పరుగున వరండాలోకి వచ్చాడు. నన్ను చూడనైనా చూడలేదు. రేడియేటర్ నుంచి బిందెకు తిరిగివచ్చే గొట్టాన్ని కిటికీలోంచి బయటికి లాగి నోట్లో పెట్టుకుని, లారీ ట్యాంకులోంచి డీజిల్ లాగినట్టు గట్టిగా పీల్చాడు. నీళ్లొచ్చాయి. గొట్టం నా ఖాళీ బకెట్లో వదిలి, నోట్లో ఉన్నది ఊసి, ఆశ్చర్యంగా నిలబడ్డాడు.

"పసుపు రుచి వస్తాండాదే" అన్నాడు.

అంతలోనే లోపలికి పోయి అన్న దగ్గరి నుంచి బిందె అందుకున్నాడు. ఆ దృశ్యం కిటికీలోంచి చూశాను, ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. పండగకు కట్టిన కొత్త పంచె సగం తడిసి, ఇత్తడి బిందెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని నాయన నిలబడి ఉన్నాడు. కళ్లు తెర మీద. కింద కూర్చుని అన్న పంపు విప్పుతున్నాడు. వాడికి తెర కనిపించదు. నాయన పైనుంచి చదువుతున్నాడు. "డెబ్బైయైదు... డెబ్బైమూడు... దిగుతాండాది... అరవైతొమ్మిది." అన్న తలెత్తి చూడలేదు. సరిచూసుకోలేదు. ఆయన చెప్పిన అంకె చెప్పినట్టు నమ్మి తన పని తాను చేసుకుంటున్నాడు. బకెట్ నిండినప్పుడల్లా ఆ నీళ్లు తీసుకెళ్లి బిందెలో పొయ్యడం నా పని. నీళ్లు మోశాను గానీ మాట మోసే ఉద్యోగం ఆ రోజుతో నాకు ఊడిపోయింది.

పంపు చక్రం కింద ఇరుక్కుని ఉంది ఒక బియ్యపు గింజ. పచ్చగా, పసుపు పూసిన అక్షింత. అన్న దాన్ని నాయన అరచేతిలో పెట్టాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. అందరూ నిద్రపోయాక అవ్వ లారీలకు పోసినట్టే కలశంలో నీళ్లు ఒక చెంబు తెచ్చి బిందెలో పోసింది. చచ్చిన నీళ్లతో పండగేమిటని ఆమె బాధ. నాయన ముందు పెదవి బిగబట్టాడు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు ఆగలేదు. అన్న కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ వాడి కళ్లు తడిసిపోయాయి, అమ్మ పోయిన రోజున రాని ఏడుపు అప్పుడొచ్చింది. నాయన వాడి తల మీద తడి చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఆ చప్పుడుకు అవ్వ లేచి వచ్చి ఏమైందప్పా అని అడిగితే, ఇద్దరూ ఒకే గొంతుతో ఏం లేదన్నారు. ఆమె బతికున్నంత కాలం ఆమెకు ఆ సంగతి తెలియదు. పంపుకు మాత్రం ఒక పలుచటి గుడ్డ సంచీ వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆయుధపూజకూ ఆమె చెంబుడు నీళ్లు పోసేది, మర్నాడు ఆ ఇద్దరూ కలిసి బిందె కడిగేవాళ్లు.

అక్కడి నుంచి వాళ్లిద్దరూ గలగలా మాట్లాడుకున్నారని చెబితే అది కథ అవుతుంది. అలాంటిదేమీ జరగలేదు. అమ్మ మాట నాయన ఎత్తలేదు, అన్న అడగలేదు. కానీ "ఎంతుండాది?" అని నాయన నేరుగా అన్ననే అడిగేవాడు, అన్న నేరుగా చెప్పేవాడు. అన్నకు బళ్లారిలో ఉద్యోగం, పెళ్లి, గాంధీనగర్‌లో ఇల్లు వచ్చాక ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. అయినా నాయన కూరెకుప్ప నుంచి రోజూ ఫోన్ చేసేవాడు. "ఎంతుండాదిరా ఆడ?" ఈసారి అడిగేది బళ్లారి ఎండ సంగతి. "నలభైయొకటి నాయనా" అని అన్న, "ఈడ నలభై" అని నాయన. అంతే, ఫోన్ పెట్టేసేవారు. మేఘన గాజుపెట్టెలో ఇప్పుడు అన్నీ అమరికగా ఉన్నాయి, బొట్టు కారదు, దుమ్ము దూరదు, వేడి కొంచెం పెరగగానే ఫ్యాన్లు వాటంతటవే వేగం పుంజుకుంటాయి. మంచిదే, ఆ పిల్లకు మా తిప్పలు వద్దు. కానీ మా బిందెకు కాపలా కావాల్సి వచ్చేది కాబట్టి దాని చుట్టూ మనుషులం కూడేవాళ్లం. తనంతట తాను నడిచేదాన్ని ఎవరూ వచ్చి పలకరించనక్కర్లేదు.

నాయన పోయి ఏడాది దాటింది. ఆఖరి రోజుల్లో ఆయన కూడా బళ్లారిలోనే, ఆసుపత్రి మంచం మీద. జ్వరం వదల్లేదు. అన్న మంచం పక్క నుంచి కదిలేవాడు కాదు, నర్సు రాసిన ప్రతి అంకె మళ్లీ తాను సరిచూసుకునేవాడు, అర డిగ్రీ తేడా వచ్చినా ఊరుకునేవాడు కాదు. ఒక సాయంత్రం నాయన కళ్లు తెరిచి అన్న వైపు చూశాడు.

"ఎంతుండాదిరా?"

అప్పుడే చూశాం. నూట మూడు దాటి ఉంది. అన్న ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తగ్గింది నాయనా. నూటికి దిగింది."

అవే మాటలు, అక్షరం మారలేదు. నాయన వాడి ముఖం చాలాసేపు చూశాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు, వాడికీ తెలుసు.

"మంచిది" అన్నాడు నాయన. కాసేపాగి, "అట్లే చెప్పాల" అన్నాడు.

నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇన్నేళ్లూ వాళ్లిద్దరి మధ్య మిగిలిపోయినదంతా ఆ మాటతో తీరిపోయింది. ఈసారి కూడా మధ్యలో నా అవసరం పడలేదు.

ఇదంతా మేఘనకు చెప్పాను. మొదట పని చేసుకుంటూ వింది, తర్వాత కుర్చీ నా వైపు తిప్పుకుంది. వాళ్ల ఇంటి వెనక బాల్కనీలో గోడకు ఆనించి ఉన్న ఆ ఇనుప తట్టలాంటి వస్తువు ఏమిటో, దాన్ని వాళ్ల నాన్న ఎందుకు గుజిరీకి వెయ్యనివ్వడో ఆ పిల్లకు అప్పుడు తెలిసింది. లేచి హాల్లోకి వెళ్లి వచ్చింది, మళ్లీ పనిలో పడింది. ఈ కాలం పిల్లలు ఇంతేలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మా అన్న ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఫోన్‌లో ఆ అంకె కనిపించడం లేదని, ఏమైందో చూడమని అన్నాడు. అది పాడైపోయింది నాన్నా, ఇంక రాదు, అంది మేఘన. ఆయన ఫోన్ జేబులో వేసుకుని, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతుండాది?"

మేఘన కుర్చీ తిప్పి ఆయన ముఖంలోకి చూసి చెప్పింది. "నలభైమూడు నాన్నా. కొంచెం ఎక్కింది. వచ్చి కూర్చో, చూద్దువు."

ఆయన ఒక నిమిషం తటపటాయించి, లోపలికి వచ్చి నా పరుపు అంచున కూర్చున్నాడు. ఆ పూటంతా అక్కడే ఉన్నాడు. ఆయన లేచి కాఫీకి వెళ్లాక నేను నెమ్మదిగా అడిగాను, ఆ యాప్ నిజంగానే పాడైందా అని.

"నేనే తీసేసినా" అంది మేఘన, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "అడగనీ అత్తా."